మానవశాస్త్రం ఎవరి శాస్త్రం?

మానవశాస్త్రం మన దేశపు విశ్వవిద్యాలయాలలో ప్రత్యేక పాఠ్యవిషయమై నూరేళ్లు దాటింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనూ, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ దానికి వేరుగా శాఖలున్నాయి. ఏటా కొందరు విద్యార్థులు నోటుపుస్తకాలు పట్టుకుని మన్యం గూడేలకు పోయి, కొన్ని వారాలుండి, తిరిగివచ్చి వ్యాసాలు రాసి పట్టాలు పుచ్చుకుంటున్నారు. అయినా ఈ విద్యను గురించి మన అభ్యుదయ విద్యార్థులలో రెండు అభిప్రాయాలు పాతుకుపోయి ఉన్నాయి. తెల్లదొరలు తమ పాలన కోసం పుట్టించిన విద్య ఇది, దీనితో మనకు పని లేదు అన్నది ఒకటి. శాస్త్రం శాస్త్రమే, దానికి పక్షమేమిటి, పుర్రెను కొలిచినా పెళ్లితంతును రాసుకున్నా జ్ఞానం జ్ఞానమే అన్నది రెండవది.

మొదటిదానిలో ఆవేశం ఉంది. రెండవదానిలో అమాయకత్వం ఉంది. రెండింటిలోనూ లోపించింది చరిత్ర. ఒక విద్య ఎక్కడ పుట్టిందో చెప్పినంత మాత్రాన దాని గుణం తేలిపోదు. అది ఎవరి చేతుల్లో పెరిగింది, ఎవరిని చూసి రాసింది, రాసినది ఎవరికి అప్పగించింది అన్నవి కూడా విచారించాలి. అలా విచారించి చూస్తే, ఈ విద్య గుణాన్ని నిర్ణయించినది సిద్ధాంతం ఒక్కటే కాదనీ, రాసేవారికీ రాయబడేవారికీ మధ్య ఉన్న సంబంధమే ప్రధానమనీ స్పష్టమవుతుంది. ఈ వ్యాసంలో కొన్ని ఘట్టాల ద్వారా ఆ సంగతిని నిరూపించడానికి ప్రయత్నిస్తాను.

1

మార్క్సిజం చదువుకున్నవారికి మోర్గాన్ పేరు కొత్త కాదు. లూయీ హెన్రీ మోర్గాన్ అమెరికాలో రోచెస్టర్ పట్టణపు న్యాయవాది. ఏ విశ్వవిద్యాలయంలోనూ ఆచార్యుడు కాదు. ఇరాక్వా తెగలలో ఒకటైన సెనెకా ప్రజలతో ఆయనకు పరిచయం కలిగింది. ఆ తెగకే చెందిన ఈలీ పార్కర్ అనే విద్యావంతుడు ఆయనకు దారి చూపాడు. సెనెకాలు తండ్రి సోదరుణ్ణి కూడా తండ్రి అనే పిలవడం మోర్గాన్‌కు ఆశ్చర్యం కలిగించింది. ఇటువంటి పద్ధతి మరెక్కడైనా ఉందా అని ఆయన ప్రపంచం నలుమూలలకూ ప్రశ్నావళులు పంపి బంధుత్వ పదాలు తెప్పించుకున్నాడు. 1871లో అచ్చయిన ఆయన బృహద్గ్రంథపు పట్టికలలో తమిళ, కన్నడ పదాలతో పాటు మన తెలుగు పదాలు కూడా ఉన్నాయి.

మన ఇళ్లలో వాడుక చూడండి. తండ్రి అన్నదమ్ములు పెదనాన్న, చిన్నాన్న. తల్లి అక్కచెల్లెళ్లు పెద్దమ్మ, పిన్నమ్మ. వారి పిల్లలు మనకు అన్నలు, తమ్ముళ్లు, అక్కలు, చెల్లెళ్లు. తల్లి సోదరుడు మాత్రం మామ, తండ్రి సోదరి అత్త. వారి పిల్లలు బావలు, మరదళ్లు. ఒక వైపు వారితో పెళ్లి మాట ఎత్తరాదు, రెండవ వైపు వారితో మేనరికం. తల్లివైపు వారినీ తండ్రివైపు వారినీ ఒకే గాటకట్టి పిలిచే ఇంగ్లీషు భాషకు ఈ భేదం తెలియదు. సెనెకా భాషకు తెలుసు. సముద్రాల కావల ఉన్న ఇరాక్వాలకూ దక్కను ద్రావిడులకూ గల ఈ పోలికను చూసి, అమెరికా ఆదివాసులు ఆసియా నుంచి వెళ్లినవారనడానికి ఇదే సాక్ష్యమని మోర్గాన్ భావించాడు. ఆ నిర్ణయం ఇలా బంధుత్వ పదాలతో తేలేది కాదు. కాని కుటుంబం అనేది అనాదిగా ఒకే రూపంలో ఉన్న వస్తువు కాదనీ, దానికీ చరిత్ర ఉందనీ ఆయన పట్టికలు చాటాయి.

1877లో మోర్గాన్ ‘పురాతన సమాజం’ వెలువడింది. 1880–81లో మార్క్స్ దాన్ని చదివి విస్తారంగా నోట్సు రాసుకున్నాడు. 1884లో ఎంగెల్స్ కుటుంబం, సొంత ఆస్తి, రాజ్యం అనే వాటి పుట్టుకను గురించి రాసిన గ్రంథానికి ఆ నోట్సే ప్రేరణ. దక్కనులోని ద్రావిడ జాతుల బంధుత్వ పద్ధతిని ఎంగెల్స్ అందులో పేర్కొన్నాడు కూడా. మన బావామరదళ్ల మాటలకు ఆ మహాగ్రంథంలో ఒక మూల చోటు దొరికిందన్నమాట. అయితే ఒక సంగతి గమనించాలి. మన దేశపు పదాలను మోర్గాన్‌కు అందించింది క్రైస్తవ మిషనరీలు. ఆ మాటలు పలికిన తల్లుల పేర్లు ఎక్కడా లేవు. సెనెకాల తరఫున ఒక పార్కర్ ఉన్నాడు. తెలుగువారి తరఫున ఎవరూ లేరు.

ఎంగెల్స్ గ్రంథం వెలువడిన 1884లోనే ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఎడ్వర్డ్ టైలర్‌ను మానవశాస్త్రంలో రీడరుగా నియమించింది. బ్రిటిష్ విశ్వవిద్యాలయాలలో ఈ విద్యకు లభించిన మొదటి పీఠం అదే. అక్కడినుంచి ఒకే విద్యకు రెండు దారులు ఏర్పడ్డాయి. ఒకటి కార్మికోద్యమ గ్రంథాలయంలోకి పోయింది. రెండవది విశ్వవిద్యాలయం మీదుగా పోయింది. తమ విద్యకు ప్రభుత్వం డబ్బు ఇవ్వాలంటే, వలస దేశాలను ఏలబోయే ఉద్యోగులకు ఇది అవసరమని ఆచార్యులు వాదించవలసి వచ్చింది. వాదించారు కూడా.

2

ఏలబోయేవారికి అవసరమైన విద్య ఎలా ఉంటుందో మన దేశంలో చూడవచ్చు. 1901 జనాభా లెక్కల కమిషనరు హెర్బర్ట్ రిజ్లీ మనుషుల ముక్కు పొడవు వెడల్పులు కొలిపించి, ఆ నిష్పత్తిని నాసికా సూచికగా తీసుకుని, ముక్కు వెడల్పయిన కొద్దీ కులం అంతస్తు తగ్గుతుందని సూత్రీకరించాడు. కులం అంటే జాతిభేదమే, జాతి అంటే శరీర లక్షణమే అన్నది దాని సారాంశం. ఆ లెక్కల్లోనే కులాలను పైకిందులుగా వరుసపెట్టి రాయించే ప్రయత్నం జరిగింది. దానితో మా స్థానం ఇది కాదు, అది అని కులసంఘాలు అర్జీల మీద అర్జీలు పెట్టుకున్నాయి. భూమి ఎవరిది, శ్రమ ఎవరిది అనే ప్రశ్న వెనకపడి, ముక్కు ఎవరిది అనే ప్రశ్న ముందుకు వచ్చింది.

మన వైపు ఈ పని చేసినవాడు ఎడ్గార్ థర్‌స్టన్. 1885 నుంచి 1908 వరకు మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు. కె. రంగాచారి సహాయంతో 1909లో ‘దక్షిణ భారత కులాలు, తెగలు’ అనే గ్రంథాన్ని ఏడు సంపుటాలలో ప్రకటించాడు. ఈనాటికీ మన పరిశోధక విద్యార్థులు ఏ కులాన్ని గురించి రాయవలసి వచ్చినా ముందుగా తెరిచే పుస్తకం అదే. ఆ గ్రంథపు పీఠికలో అతడే ఒక సంగతి రాశాడు. కొలత పరికరాలతో వయనాడు వెళ్లినప్పుడు పణియ స్త్రీలు భయపడ్డారట. తమలో చక్కనివారిని ఏరి, లోపల కూరి, బొమ్మలుగా చేసి మద్రాసు మ్యూజియంలో నిలబెడతాడని అనుకున్నారట. థర్‌స్టన్ దీన్ని ఒక వినోదంగా చెప్పాడు. ఆ స్త్రీలు తరతరాలుగా భూస్వాముల కింద వెట్టిబతుకు బతికిన జాతివారు. దొర వచ్చి ఒళ్లు కొలిస్తే దాని వెనక మేలు ఉండదని వారికి అనుభవం నేర్పింది. కూరిన బొమ్మలు కాకపోయినా, ఏడు సంపుటాలలో వారంతా చలనం లేని బొమ్మలుగానే నిలబడ్డారు. చదివేవాడికి వారి ముక్కులు కనబడతాయి, ఆచారాలు కనబడతాయి. వారి చేతిలోని పని, ఆ పని పుచ్చుకునే యజమాని అంతగా కనబడడు.

ఈ రకపు విద్యకు మ్యూజియంతో పాటు పోలీసు ఠాణాతో కూడా చుట్టరికం ఉండేది. కొన్ని జాతులకు జాతులే పుట్టుకతో నేరస్థులని ముద్రవేసే చట్టం 1871లో వచ్చింది. 1911లో దాన్ని మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. ఎరుకలవారి వంటి సంచారజాతులను పట్టి, హాజరు వేయించి, సెటిల్‌మెంట్లలో పెట్టారు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం అలా వెలిసినదే. ఒక జాతికి ఒక స్వభావం ఉంటుందని గ్రంథం చెబితే, ఆ స్వభావానికి కాపలా పెట్టడం ఠాణా చేసింది. స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్లకు, 1952లో, ఆ చట్టం రద్దయింది. ముద్ర మాత్రం మన నోటి సామెతలలోనూ సినిమాలలోనూ చాలాకాలం నిలిచింది.

3

ఇంతవరకు చూసినది ఒక పక్షం. కొలిచే పక్షంలో పాలకులుండి కొలిపించుకునే పక్షంలో ప్రజలు ఉన్నంతకాలం విద్య అలాగే నడిచింది. అవతలి పక్షంవారు తరగతి గదిలోకి వచ్చి కూర్చున్నప్పుడు ఏం జరిగింది?

1916 మే నెలలో న్యూయార్కు కొలంబియా విశ్వవిద్యాలయంలో, గోల్డెన్‌వైజర్ నడిపే మానవశాస్త్ర సెమినారులో ఒక పాతికేళ్ల భారతీయ విద్యార్థి వ్యాసం చదివాడు. ఆయన పేరు భీమరావ్ రామ్‌జీ అంబేడ్కర్. విషయం భారతదేశంలో కులాలు, వాటి నిర్మాణం, పుట్టుక. కులానికి మూలం ముక్కులో లేదు, రంగులో లేదు, పెళ్లి కట్టుబాటులో ఉంది అని ఆయన వాదించాడు. తమలో తామే పెళ్లి చేసుకోవాలన్న నియమాన్ని నిలుపుకోవడానికే సతి, నిర్బంధ వైధవ్యం, బాల్యవివాహం ఏర్పడ్డాయని వివరించాడు. రిజ్లీ మొదలైనవారి నిర్వచనాలను ఒక్కొక్కటే తీసుకుని వాటిలోని కొరత చూపాడు. ఆ శాఖకు పెద్ద ఫ్రాంజ్ బోయస్. జాతికి సంస్కృతిని ముడిపెట్టే సిద్ధాంతాన్ని అప్పటికే ఖండిస్తున్న పండితుడు. గురువు అండ ఉన్నమాట నిజమే. కాని కులాన్ని లోపలినుంచి, అడుగునుంచి అనుభవించిన కన్ను ఆ గదికి అప్పుడే వచ్చింది. కొలత సంఖ్యలను కూడా అంబేడ్కర్ వదిలిపెట్టలేదు. 1948లో అస్పృశ్యులను గురించి రాసిన గ్రంథంలో గుర్యే సేకరించిన నాసికా సూచికలనే తీసుకుని, బ్రాహ్మణుడూ అస్పృశ్యుడూ వేరు వేరు జాతులు కారని వాటితోనే నిరూపించాడు. రిజ్లీ కాలిపరు రిజ్లీ మీదికే తిరిగింది.

మరొక ఉదాహరణ ఇరావతీ కార్వే. బొంబాయిలో గుర్యే వద్ద చదివి, 1928లో ఆమె బెర్లిన్ వెళ్లింది. అక్కడి మానవశాస్త్ర సంస్థకు అధిపతి యూజెన్ ఫిషర్. జర్మన్ వలసగా ఉన్న నైరుతి ఆఫ్రికాలో మిశ్రమ సంతతి ప్రజలను కొలిచి పేరు తెచ్చుకున్నవాడు. యూరోపియన్ల పుర్రెలో కుడి ఎడమల తేడా ఎక్కువనీ, వారి తెలివితేటలకు అది గుర్తనీ ఒక ఊహ. ఆ ఊహను నిరూపించే పని ఈ భారతీయ విద్యార్థినికి అప్పగించబడింది. ఆమె పుర్రెలు కొలిచింది. అటువంటి జాతిభేదం ఏదీ లేదని తేల్చి, ఆ మాటే సిద్ధాంత వ్యాసంలో రాసింది. ఫిషర్ 1933లో నాజీల కింద బెర్లిన్ విశ్వవిద్యాలయానికి రెక్టరు అయ్యాడు. ఆ సంస్థ తరువాత ఏ ఘోరాలకు తోడ్పడిందో లోకానికి తెలుసు. గురువు కోరిన ఫలితాన్ని కాక, కొలతలో వచ్చిన ఫలితాన్ని రాయడం ఎంత పెద్ద పనో ఆ నేపథ్యంలో ఆలోచించాలి.

మన దేశంలో ప్రత్యేకశాఖ మొదట ఏర్పడింది కలకత్తాలో. 1920–21లో అశుతోష్ ముఖర్జీ చొరవతో అది ప్రారంభమయింది. దానికి మొదట నాయకత్వం వహించిన ఎల్. కె. అనంతకృష్ణ అయ్యర్ పాలఘాటు వాడు, బడిపంతులు. 1902లో కొచ్చిన్ దివాను ఆయనకు కులాల సర్వే పని అప్పగించినప్పుడు దానికి జీతం ఇవ్వలేదు. వారమంతా పాఠాలు చెప్పి, సెలవురోజుల్లో ఊళ్లు తిరిగి రాశాడు. ఆయనకు సమకాలికుడు రాంచీ వకీలు శరత్‌చంద్ర రాయ్. బిర్సా ముండా చనిపోయిన 1900 తరువాతి కాలంలో ముండాల, ఒరావన్‌ల భూమి తగాదాలు కోర్టులో చూస్తూ చూస్తూ, వారి భూమి పద్ధతి తెలియకుండా న్యాయం జరగదని గ్రహించి పరిశోధనలోకి దిగాడు. 1912లో ముండాల మీద గ్రంథం, 1921లో ‘మాన్ ఇన్ ఇండియా’ పత్రిక అలా వచ్చినవి. వీరిద్దరూ పాలకుల పరిభాషనే వాడారు, పాలకుల ప్రశంసలు పొందారు. వారిని వీరులను చేయనక్కరలేదు. కాని ఒకరికి జీతం లేని చాకిరీ, మరొకరికి కోర్టు గుమ్మంలో నిలబడ్డ ముండా రైతు, ఈ రెండూ మ్యూజియం దొరకు లేని అనుభవాలు.

4

అయినా ఈ విద్య నిజమైన పరీక్షకు నిలబడింది 1943లో. మన అభ్యుదయ రచయితల సంఘం తెనాలిలో పుట్టిన సంవత్సరం అదే. ఆ ఏడే బెంగాలులో మహాక్షామం వచ్చింది. పల్లెల నుంచి వేలాది జనం కలకత్తా వీధుల మీదికి వచ్చి, గంజినీళ్ల కోసం గుమ్మాల ముందు చేతులు చాచి, పేవ్‌మెంట్ల మీద ప్రాణాలు విడిచారు. ప్రభుత్వం దీన్ని క్షామంగా ప్రకటించలేదు. ప్రకటిస్తే క్షామ నిబంధనల ప్రకారం పని చూపించి, తిండి పెట్టవలసిన బాధ్యత మీద పడుతుంది. చిత్తప్రసాద్ బొమ్మలు గీశాడు, సునీల్ జానా ఫోటోలు తీశాడు, బిజన్ భట్టాచార్య 1944లో ‘నవాన్న’ నాటకం ఆడించాడు. ఇవన్నీ మనకు తెలిసిన విషయాలు. ఆ రోజుల్లోనే కలకత్తా విశ్వవిద్యాలయ మానవశాస్త్ర విభాగం చేసిన పని మాత్రం మనలో చాలామందికి తెలియదు.

ఆ విభాగంలో తారకచంద్ర దాస్ అనే లెక్చరరు ఉండేవాడు. మణిపూరులోని పురుం అనే చిన్న కుకీ తెగను పరిశీలించినవాడు. 1941 సైన్స్ కాంగ్రెసులో మానవశాస్త్ర విభాగానికి అధ్యక్షుడుగా, ఈ విద్య వ్యక్తికీ జాతికీ చేయవలసిన సేవను గురించి ప్రసంగించినవాడు. రెండేళ్లు తిరగకుండానే ఆ సేవ ఇంటి గుమ్మం ముందుకు వచ్చింది. సహోపాధ్యాయులనూ విద్యార్థులనూ వెంటబెట్టుకుని ఆయన వీధుల్లోకి దిగాడు. వచ్చిన నిరాశ్రితుల ఊరేది, వృత్తి ఏది, భూమి ఎంత ఉండేది, కుటుంబంలో ఎందరు బయలుదేరారు, ఎందరు మిగిలారు, ఎవరు ఎవరిని ఎక్కడ విడిచారు అని కుటుంబం కుటుంబంగా వివరాలు సేకరించారు.

ఇందులో ఒక విశేషం ఉంది. మానవశాస్త్ర విద్యార్థికి మొట్టమొదట నేర్పే పని వంశవృక్షం గీయడం. మగవాడికి త్రిభుజం, ఆడదానికి సున్న, పెళ్లికి రెండు అడ్డగీతలు, చనిపోయినవారి గుర్తు మీద ఒక కొట్టివేత. రివర్స్ అనే ఇంగ్లీషు పండితుడు టారెస్ జలసంధి దీవులలో రూపొందించి, 1901–02లో మన నీలగిరి తోడాల మధ్య వాడిన పద్ధతి ఇది. తెగల పెళ్లి నియమాలు తెలుసుకోవడానికి ఉద్దేశించినది. ఇంట్లో ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరు బతికున్నారో అడిగి రాయడంలో చేయి తిరిగినవారికి, చెదిరిపోయిన కుటుంబాన్ని లెక్కకట్టడం చేతనవుతుంది. రెవెన్యూ గుమాస్తా మనిషిని లెక్కిస్తాడు. వీరు కుటుంబాన్ని లెక్కించారు. భర్త భార్యను, తల్లి పిల్లను విడిచిపోయిన తీరు వారి సేకరణలో నమోదయింది. వచ్చినవారిలో ఎక్కువమంది వ్యవసాయ కూలీలు, చిన్నకమతాల వారు, చేతివృత్తులవారు అని తేలింది. ధాన్యం పండించినవాడే ధాన్యం కొనలేక చచ్చాడని అంకెలే చెప్పాయి.

మృతుల సంఖ్య విషయంలో ఈ విభాగం ప్రభుత్వానికి ఎదురు నిలిచింది. క్షామ ప్రాంతాలలో కొన్ని సమూహాలను తీసుకుని సర్వే చేసి, మొత్తం సుమారు 34 లక్షల మంది చనిపోయి ఉంటారని అంచనా కట్టింది. 1945 నాటి ప్రభుత్వ విచారణ సంఘం సుమారు 15 లక్షలే అన్నది. నెహ్రూ తన ‘డిస్కవరీ ఆఫ్ ఇండియా’లో విశ్వవిద్యాలయం అంకెను ప్రస్తావించాడు. బాధ ఎక్కువగా ఉన్న చోట్ల చేసిన సర్వేను మొత్తం రాష్ట్రానికి గుణించినప్పుడు అంకె కొంత పెరగవచ్చునన్న విమర్శ సమంజసమే. కాని 1981లో అమర్త్య సేన్ లెక్కించినప్పుడు మృతులు 30 లక్షలకు దగ్గరగా తేలారు. పాలకుల అంకె కంటే విద్యార్థులు వీధుల్లో తిరిగి తెచ్చిన అంకె నిజానికి దగ్గరగా ఉంది. దాస్ గ్రంథం 1949లో విశ్వవిద్యాలయ ప్రచురణగా వెలువడింది. క్షామంలో కూలివారే ముందుగా ఎందుకు కూలిపోతారో వివరించడానికి సేన్ దాన్ని ఆధారం చేసుకున్నాడు.

అదే వంశవృక్షం. అదే నోటుపుస్తకం. అదే ప్రశ్న అడిగే పద్ధతి. ఏం మారింది? అడిగేవారు దొర కొలువు తరఫున రాలేదు. జవాబు పోలీసు ఠాణాకు పోలేదు, మ్యూజియానికి పోలేదు. చచ్చినవాడి తరఫున సాక్ష్యంగా నిలబడింది. ఇది సామ్రాజ్యవాద విద్య అని మూలకు నెట్టేవారు ఈ ఘట్టానికి ఏమి జవాబు చెబుతారు?

5

మన తెలుగునాట జరిగిన కథ ఇంత సూటిగా లేదు. వియన్నాలో చదువుకున్న క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1939లో యుద్ధం మొదలయ్యేనాటికి మన దేశంలో ఉన్నాడు. జర్మన్ పాస్‌పోర్టు మీద వచ్చినవాడు కాబట్టి శత్రుదేశీయుడయ్యాడు. హైదరాబాదు సంస్థానం దాటి పోకుండా కట్టడి చేశారు. ఆ కట్టడిలోనే ఆయన నల్లమల చెంచుల మధ్య, గోదావరి కొండరెడ్ల మధ్య, ఆదిలాబాదు గోండుల మధ్య ఉండి గ్రంథాలు రాశాడు. చెంచుల గ్రంథం 1943లో, కొండరెడ్లది 1945లో, రాజగోండులది 1948లో వెలువడ్డాయి.

ఆయన ఆదిలాబాదు వెళ్లేసరికి అక్కడి అడవిలో నెత్తురు ఆరలేదు. పోడుభూమి కోసం, అడవి మీద హక్కు కోసం లేచిన కొమురం భీం 1940లో జోడెన్‌ఘాట్‌లో నిజాం పోలీసుల కాల్పులలో మరణించాడు. ఆ తరువాతనే ప్రభుత్వానికి గోండుల స్థితి తెలుసుకోవాలన్న కోరిక పుట్టింది. దీన్ని మరవకూడదు. పండితుడు వచ్చాడు కాబట్టి గోండుల గోడు బయటపడలేదు. గోండులు తిరగబడ్డారు కాబట్టి పండితుడికి పిలుపు వచ్చింది.

వచ్చిన పండితుడు నిజం రాశాడు. పట్టాలు లేని గోండులను బయటినుంచి వచ్చిన భూస్వాములు, షావుకార్లు ఎలా వెళ్లగొడుతున్నారో, అటవీశాఖ రిజర్వు గీతలు గీసి పల్లెలను ఎలా ఖాళీ చేయిస్తున్నదో నివేదించాడు. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రం ఏర్పడింది. గోండిలో వాచకాలు తయారయ్యాయి. గిరిజనులకు పట్టాలిచ్చే ఏర్పాటు జరిగింది. 1945లో ఆయన ఉస్మానియాలో మానవశాస్త్ర ఆచార్యుడయ్యాడు. ఇంత మేలు చేసిన పనిలోనూ ఒక లోపం ఉంది. అదంతా నిజాం కొలువులోని సలహాదారు హోదాతో జరిగిన పని. హోదా ఉన్నంతకాలం సాగింది. ఇచ్చిన భూమి మళ్లీ చేతులు మారడం ఆగలేదు. 1959లో ఆంధ్రలో వచ్చిన గిరిజన భూమి బదలాయింపు నిబంధన 1963లో తెలంగాణకు విస్తరించినా ఆగలేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద మళ్లీ కాల్పులు జరిగాయి. 1982లో వెలువడిన గ్రంథంలో హైమెన్‌డార్ఫే, తాను చూసిన లాభాలు ఎలా హరించుకుపోయాయో రాయవలసి వచ్చింది. మార్లవాయిలో ఆ దంపతుల సమాధులను గోండులు ఈనాటికీ గౌరవిస్తారు. ఆ గౌరవం వారి మంచితనానికి గుర్తు. పండితుడి సానుభూతి ప్రజల సంఘటిత బలానికి బదులు కాజాలదన్నది మనం నేర్చుకోవలసిన పాఠం.

ఉస్మానియా నుంచే మరొక ప్రయత్నం జరిగింది. 1951–52లో ఎస్. సి. దూబే వివిధ శాఖల విద్యార్థులతో కూడిన బృందంతో హైదరాబాదు సమీపాన శామీర్‌పేట గ్రామాన్ని పరిశీలించాడు. 1955లో అది ‘భారతీయ గ్రామం’ అనే గ్రంథమయింది. తెగలను వదిలి పల్లెను చూడటం ఈ విద్యలో ఒక మలుపు. తెలంగాణ సాయుధ పోరాటం 1951 అక్టోబరులో విరమించబడింది. ఆ కాలపు తెలంగాణ పల్లె పండుగలు, కులాలు, కుటుంబం ఎలా ఉండేవో తెలుసుకోవాలంటే దూబే గ్రంథం చదవాలి. ఆ పల్లెలు దేనికోసం కొట్లాడాయో తెలుసుకోవాలంటే పోరాట సాహిత్యం చదవాలి. ఒకటి చదివి రెండవది వదిలినవాడికి సగం పల్లె మాత్రమే కనబడుతుంది.

6

ఇంతవరకు ఇతరులను విమర్శించాము. మన పక్షపు లోపాలు కూడా చెప్పుకోవాలి. మోర్గాన్, ఎంగెల్స్ చూపిన దశలను మనలో కొందరు అచ్చులుగా వాడారు. కోయలనూ సవరలనూ తెచ్చి ఆ అచ్చుల్లో పోసి, ఇది ఫలానా దశ అని చీటీ అంటించి తృప్తిపడ్డారు. అచ్చు మనదైనా, మనిషిని బొమ్మగా చేయడంలో ఇది థర్‌స్టన్ పనికి దూరపు చుట్టమే. మార్క్స్ అలా చేయలేదు. 1972లో అచ్చయిన ఆయన నోట్సు చూస్తే, మోర్గాన్ రాసినదానిని కూడా ప్రశ్నిస్తూ చదివాడని తెలుస్తుంది. మన దేశంలో డి. డి. కొశాంబీ ఆ మార్గాన్ని పట్టుకున్నాడు. గణితాచార్యుడై ఉండి, పుణె చుట్టుపక్కల కాలినడకన తిరిగి, గ్రామదేవతల రాళ్లను, సంతదారులను, గొర్రెలకాపరుల బాటలను చూసి, 1956లో భారతదేశ చరిత్రకు కొత్త పరిచయం రాశాడు. గ్రంథంలోని దశను ఊళ్లో వెతకలేదు. ఊళ్లో చూసినదానితో గ్రంథాన్ని సరిచూశాడు.

తెలుగు సాహిత్యం బోధించే మావంటి వారికి కూడా ఇందులో పాఠం ఉంది. బిరుదురాజు రామరాజు గారి ‘తెలుగు జానపద గేయ సాహిత్యం’ 1958లో వచ్చినప్పటినుంచి మన శాఖలలో పాటలు సేకరించేవారు పెరిగారు. పాట మన సిద్ధాంత వ్యాసంలోకి వస్తున్నది, పాడినామె పేరు అనుబంధంలోకి కూడా రావడం లేదు. మోర్గాన్ పట్టికల్లో తెలుగు తల్లులకు జరిగినదే, మన చేతుల్లో మన తల్లులకు జరుగుతున్నది.

మార్పు లేకపోలేదు. ఆదిలాబాదు గుంజాల గ్రామంలో గోండి లిపి రాతప్రతులు భద్రంగా ఉన్నాయని తెలిసినప్పుడు, తెలుగు ఆచార్యులు జయధీర్ తిరుమలరావు గారు, ఆయన సహచరులు గ్రామపెద్దలతో కలిసి పనిచేశారు. ఆ లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. లిపి లేని జాతి అని తరగతిలో చెప్పే పాఠాన్ని గోండులే దిద్దారు. 2014లో దేశంలోని ఆదివాసుల స్థితిగతుల మీద నివేదిక సమర్పించిన ఉన్నతస్థాయి సంఘానికి అధ్యక్షుడు వర్జీనియస్ ఖాఖా. శరత్‌చంద్ర రాయ్ ఎవరిని గురించి రాశాడో ఆ ఒరావన్ జాతివాడే. నూరేళ్లలో నోటుపుస్తకం చేతులు మారింది. ఇంకా చాలా చేతులకు అందవలసి ఉంది.

కాబట్టి మానవశాస్త్రం చదవబోయే విద్యార్థి దాన్ని విసర్జించనక్కరలేదు, దానికి మొక్కనక్కరలేదు. గూడేనికి పోయేముందు అక్కడి భాష నేర్చుకోవాలి. పెళ్లితంతుతో పాటు పట్టా పుస్తకం కూడా చూడాలి. ఎవరి మాట రాశాడో వారికి చదివి వినిపించి, తప్పుంటే దిద్దించుకోవాలి. రాసినది ఎవరి బల్ల మీదికి పోతుందో తెలుసుకోవాలి. ఆ శాఖలలో చదివే ఆదివాసీ, దళిత విద్యార్థులు సమాచారం అందించేవారుగా కాక సిద్ధాంతం చేసేవారుగా ఎదిగేటట్లు ఉపాధ్యాయులు చూడాలి. వయనాడు స్త్రీలు థర్‌స్టన్‌ను చూసి ఏమడిగి ఉంటారో ఊహించడం కష్టం కాదు. నీవెవరి మనిషివి? మమ్మల్ని ఏం చేయబోతున్నావు? పరీక్షాపత్రంలో రాని ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిననాడే ఈ విద్య ప్రజల శాస్త్రమవుతుంది.